నూలు బట్టలు కుంచించుకుపోవడం

ఉతుకులో నూలు బట్ట పొడవు, వెడల్పు తగ్గడం. మగ్గం మీద పడుగు పోగులను బిగించి నేస్తారు. ఆ బిగువు బట్టలోనే దాగి ఉంటుంది. నీళ్లు తగలగానే పత్తి పీచు ఉబ్బి, బిగువు సడలి, బట్ట దగ్గరపడుతుంది. వేడినీళ్లు, వాషింగ్ మెషీన్ కుదుపు, డ్రయ్యర్ దీన్ని పెంచుతాయి.

కుంచించుకుపోయిన బట్టను కొంతవరకు సరిచేయవచ్చు. గోరువెచ్చని నీళ్లలో కాస్త హెయిర్ కండిషనర్ గానీ షాంపూ గానీ కలిపి అరగంట నానబెట్టాలి. మెలిపెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి తడి అద్దాలి. చదునుగా పరిచి, కురచైన వైపు చేతులతో మెల్లగా లాగి, అంచులకు బరువులు పెట్టి నీడన ఆరనివ్వాలి. కండిషనర్ వల్ల పోగులు సులువుగా జరుగుతాయి, అంతే. అందులో మహిమేమీ లేదు. అల్లిక బట్టలైన బనియన్లు, టీషర్టులు బాగా సాగుతాయి. గుంటూరు జిల్లా మంగళగిరి, బాపట్ల జిల్లా చీరాల చేనేత బట్టలు అంతగా సాగవు. గట్టిగా లాగితే కుట్లు విడిపోతాయి. ముదురు రంగులవైతే విడిగా నానబెట్టడం మేలు. సాగదీసిన బట్ట మరుసటి ఉతుకులో మళ్లీ కొంత దగ్గరపడడం మామూలే.

మిల్లు బట్టను ముందే కుదించే శాన్‌ఫరైజింగ్ పద్ధతిని అమెరికాకు చెందిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ రూపొందించాడు. చేనేత బట్ట సాధారణంగా ఆ యంత్రం దాకా వెళ్లదు. కాబట్టి చొక్కా గుడ్డయినా, పంజాబీ డ్రెస్ గుడ్డయినా కుట్టించేముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. తర్వాత సాగదీయడంకన్నా ఇదే నమ్మకమైన ఉపాయం.