ఎంతవరకు బాధ్యత?

వ్యాపారంలో నీతి ఉండాలని చెప్పినవాళ్లకు ఏ కాలంలోనూ కొదవలేదు. ఫలానా ఉద్యోగి మీద ఫలానా పని ఎంతవరకు విధి అని తేల్చి చెప్పినవాళ్లే అరుదు. 1974 నవంబరులో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సుతోనే వ్యాపార నీతి ఒక చదువుగా మొదలైందని కొందరంటారు. అక్కడ తత్వశాస్త్రం బోధించిన రిచర్డ్ డిజార్జ్ అంతకుముందు సోవియట్ ఆలోచనల మీద పుస్తకాలు రాసిన మనిషి. 1982లో ఆయన వ్యాపార నీతికి పాఠ్యపుస్తకం రాశారు. ఆయన అసలు ప్రత్యేకత మాత్రం అంతకు ఏడాది ముందు, ఫోర్డ్ పింటో కారు మీద రాసిన వ్యాసంలో కనిపిస్తుంది. వెనకనుంచి మరో బండి గుద్దితే పెట్రోలు ట్యాంకు పగిలి మంటలు లేచే కారది. ఆ రోజుల్లో ఫోర్డ్ కాగితం ఒకటి బయటపడింది. బండికి 11 డాలర్ల చొప్పున కోటీ పాతిక లక్షల బండ్లకు మరమ్మతు ఖర్చు ఒక పక్క, 180 చావులకు తలా 2 లక్షల డాలర్లు మరో పక్క వేసి చూసిన లెక్క అది. నిజానికి అది బండి పల్టీ కొట్టినప్పుడు ఇంధనం కారడం గురించి ప్రభుత్వానికి పంపిన లెక్క, ఒక్క పింటోకే చెందినది కాదు. అయినా ఆ అంకెలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

మరి ఫోర్డ్ ఇంజనీర్లు ఆ కారు ప్రమాదం గురించి వీధికెక్కి చెప్పాల్సింది కాదా? ఆ విధి వాళ్లమీద లేదన్నారు డిజార్జ్. ప్రమాదం తీవ్రమైనదై, పైఅధికారికి చెప్పి, ఫలితం లేక డైరెక్టర్ల బోర్డు దాకా అన్ని గడపలూ తొక్కాక, బయటపెట్టడం తప్పు కాదు. పరాయివాడిని కూడా ఒప్పించగల కాగితాలు చేతిలో ఉండి, చెబితే మార్పు వస్తుందన్న నమ్మకమూ ఉంటేనే అది విధి అవుతుంది. ఇది పిరికివాళ్లకు దొరికిన సాకు అని కొందరు విమర్శించారు. ఆ విమర్శలో బలముంది. కాగితాలు కంపెనీ బీరువాలో ఉంటే కింది ఉద్యోగి వాటిని ఎక్కణ్ణుంచి తెస్తాడు? కాగితాలు ఉండాలన్న ఈ నాలుగో షరతు నాకూ కఠినంగానే తోస్తుంది. కానీ విమర్శకులు ఒకటి వదిలేశారు. మొదటి మూడు షరతులు తీరినవాణ్ణి ద్రోహి అనే హక్కు ఇక ఎవరికీ లేదు. ఇంకో సంగతి, ఉద్యోగం పోగొట్టుకునే వీరులు అవసరపడని పద్ధతులు సంస్థలోనే ఉండాలన్నది ఆయన అసలు పట్టు. నింద మోయాల్సింది పైన కూర్చుని నిర్ణయించినవాళ్లేనని ఆయన తేల్చారు.

ఆ పట్టు ఎంత సరైనదో 1986 జనవరి 27 రాత్రి తేలింది. రాకెట్ రబ్బరు వలయాలు విఫలమై ఘోరం జరగవచ్చని, చాలెంజర్ అంతరిక్ష నౌకకు ఆ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయొకాల్ సంస్థ ఇంజనీరు రోజర్ బోయిజోలీ ఆర్నెల్ల ముందే రాతపూర్వకంగా హెచ్చరించారు. చలికి అవి బిగుసుకుంటాయని ఆ రాత్రి ఫోన్ సమావేశంలో మళ్లీ వాదించారు. కాగితముంది, పైవాళ్లకు చెప్పడమూ అయింది, లేనిది సమయమే. మర్నాడు చాలెంజర్ గాల్లో ముక్కలై ఏడుగురు చనిపోయారు. తర్వాత విచారణ సంఘం ముందు నిజం చెప్పిన బోయిజోలీని సంస్థలో పక్కన పెట్టారు, చివరికి ఆయన ఆ కొలువే వదిలేశారు.