తిరగలి పాట: ఇద్దరు కూడి కట్టిన పాటలో సొంత బ్రతుకు

తిరగలి పాట అనగా పప్పును, ధాన్యమును విసరుచు స్త్రీలు పాడుకొను పాట. తెలంగాణములోను, రాయలసీమలోను తిరగలిని విసుర్రాయి, ఇసుర్రాయి అని పిలుతురు. వడ్లు దంచునప్పుడు పాడు దంపుళ్ళ పాట దీనికి తోబుట్టువు. ఈ పాటలకు కవి పేరు ఉండదు గనుక ఇవి ఊరందరివని చెప్పుట వాడుక. ఆ మాట సగమే నిజము. పనిలో కూర్చున్న ఇద్దరు స్త్రీలు తమ బ్రతుకులోని సంగతులను పాత పాటలో పొదిగి, ప్రతిసారియు దానిని కొంత కొత్తగా కట్టుదురు.

ఇద్దరి పని

తిరగలికి రెండు గుండ్రని రాళ్ళు. క్రింది రాయి కదలదు. పై రాతికి ఒక కర్రపిడి ఉండును. పని ఎక్కువైనప్పుడు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి ఆ ఒక్క పిడినే పట్టి త్రిప్పుదురు. దంపుడులోనైతే ఒకే రోటిలో రెండు రోకళ్ళు వంతులవారీగా పడును. ఒకరి రోకలి లేచువేళ మరొకరిది దిగవలెను. ఆ లయను నిలుపునది పాటయే. ఒకామె చరణమును ఎత్తుకొనును. రెండవ ఆమె దానిని తిరిగి పాడును, లేదా "సువ్వి" వంటి ఊతపదమును అందించును. దీనినే వంత పాడుట అందురు.

వంత వట్టి ప్రతిధ్వని కాదు. రెండవ ఆమె పాడుచున్నంతసేపు మొదటి ఆమెకు తరువాతి చరణము కూర్చుకొనుటకు వ్యవధి దొరకును. కొత్త మాట నచ్చినచో వంతలో అది తిరిగి వచ్చును. నచ్చనిచో వంత పాత మాటకే మరలవచ్చును; కొత్తది అక్కడనే రాలిపోవును.

సొంత మాట దాగు చోట్లు

అత్తవారింట విసరు కోడలు తన కష్టమును సూటిగా పాడదు. అత్తగారు వసారాలోనే ఉండును. అందుచేత ఆ కష్టము సీతకో, ఊర్మిళకో చెందినదగును. స్త్రీల రామాయణపు పాటలలో ఈ మార్గము మిక్కిలి స్పష్టము. వాల్మీకి ఊర్మిళ పదునాలుగేండ్ల ఎడబాటును వర్ణింపలేదు. "ఊర్మిళాదేవి నిద్ర" అను పాట దానినే కథగా చేసికొన్నది. "కౌసల్య వేవిళ్ళు" అను పాటకు గర్భిణి అవస్థయే వస్తువు. ఈ పాటలు యుద్ధముకంటె పురుడు, పెండ్లి, అత్తింటి పోరు మున్నగువానిని విస్తరించునని వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురితమైన తమ ఆంగ్ల వ్యాసమున చూపిరి.

రెండవ చోటు వరుస పిలుపు. వదినామరదళ్ళు ఒక పిడి పట్టినప్పుడు ఇది బాగుగా తెలియును. వదిన అనగా అన్న భార్య. ఆమెకు ఆ అన్న చెల్లెలు మరదలు. అనగా ఒకే పురుషుడు ఒకరికి మగడు, మరొకరికి అన్న. మగడు సంతనుండి ఆలస్యముగా వచ్చెనని వదిన పాటలో దెప్పినచో, మరదలు వంతలో అన్నను వెనుకవేసికొని వచ్చును. వదిన పుట్టింటిని ఎగతాళి చేయును. తెలుగున వదినామరదళ్ళ నడుమ పరిహాసము చెల్లును గనుక ఎవ్వరికిని కోపము రాదు. మాటగా అన్నచో కలహమగునది పాటగా అన్నచో నవ్వుగా ముగియును. మూడవ చోటు ఊరి పేరు. పాటలోని ఊరిని తీసివేసి పాడువారు తమ పుట్టింటి ఊరిని పెట్టుకొందురు.

బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం మొదలగువారు జానపద గేయములను సేకరించి మహోపకారము చేసిరి. రామరాజు గారి "తెలుగు జానపద గేయ సాహిత్యము" 1958లో వెలువడినది. అయితే అచ్చులో నిలిచిన పాట ఒకనాటి పాట మాత్రమే. దానిని కొలతబద్దగా పట్టుకొని మన ఇంటి పాటను దిద్దరాదు.

సముద్రము దాటిన తరువాత

మారిషస్ చెరకు తోటలకు 1834 మొదలుకొని ఒడంబడిక కూలీలు రాసాగిరి. తెలుగువారు కోరంగి రేవునుండియు, మద్రాసునుండియు వచ్చిరి. తొలి దశాబ్దములలో స్త్రీలు చాల తక్కువ. వంత పాడుటకు తన భాష తెలిసిన రెండవ గొంతు దొరకుటయే కష్టమై ఉండును. తోటలో పడిగా ఇచ్చినది బియ్యము గనుక దంపుడు అవసరమును తగ్గియుండును. మసాలా నూరుటకు ఇచ్చటివారు వాడు "రోష్ కారి" మన సన్నెకల్లు వంటి పలక రాయి. దానివద్ద ఒక్కరే నూరవలెను. రామభజనము నిలిచినది, అది దీపము చుట్టు పదిమంది కూడి పాడునది గనుక. తిరగలి పాట మాత్రము పెండ్లిలో పసుపు దంచు వేడుకవంటి కొద్ది చోట్లను ఆశ్రయించి బ్రతుకవలసి వచ్చినది.

కావున అవ్వ పాటను వ్రాసికొనువారు ఆమెను ఒంటరిగా కూర్చుండబెట్టి అడుగవలదు. ఆమె ఈడు చుట్టమును ఒకరిని తోడుగా పిలువుడు. చేతికి ఒక రోకలి, కొంత పసుపు ఇండు. పాటలో క్రియోల్ మాట దొర్లినను, పుస్తకములో లేని ఊరి పేరు వచ్చినను, సీత అనవలసిన చోట మరియొక పేరు వినబడినను విన్నది విన్నట్లే వ్రాయుడు. ఆ పేరు ఎవరిదని పాట ముగిసిన పిదప అడుగుడు. వంత పాడిన ఆమె పేరును, ఆమె పాడినామెకు ఏమి వరుసయో కూడ ప్రక్కనే వ్రాసి ఉంచుడు.