ఎలుకల మందు, వేటపక్షులు

మందు తిన్న ఎలుకను తిని గద్ద, డేగ, గుడ్లగూబ వంటి పక్షులు విషం బారిన పడడాన్ని ద్వితీయ విషప్రభావం అంటారు. వేటపక్షులు గింజల ఎర ముట్టవు. విషం వాటికి వేట ద్వారానే చేరుతుంది. ఈ నష్టంలో పెద్ద వాటా రక్తం గడ్డకట్టకుండా చేసే మందులది.

వీటి పుట్టుక పశువుల మేతతో ముడిపడి ఉంది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తస్రావం ఆగక చనిపోయేవి. ఆ గడ్డిలోని డైకుమరాల్‌ను విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం వేరుచేసింది. ఆ పరిశోధన నుంచే వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారులోకి దిగింది. రక్తాన్ని గడ్డకట్టించే కారకాలను కాలేయం తయారు చేయాలంటే విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్‌ను మళ్ళీ పనికొచ్చేలా మార్చే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. ఒంట్లో ఉన్న కారకాలు అయిపోయేదాకా ఎలుకకు ఏ తేడా తెలియదు.

ఈ జాప్యం కావాలని కోరుకున్నదే. తిన్న వెంటనే బాధ మొదలైతే, బతికిన ఎలుక మళ్ళీ ఆ ఎర జోలికి పోదు. నాలుగైదు రోజుల తర్వాత మొదలైతే ఎరను అనుమానించదు. రైతుకు కలిసొచ్చిన ఈ గుణమే పక్షికి ముప్పు. ఆ రోజుల్లో ఎలుక మందు తింటూనే ఉండి, చావుకు కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఒంట్లో నింపుకుంటుంది. చివరికి మందకొడిగా, పట్టపగలే కలుగు బయట తిరుగుతుంది. గద్దకు అంతకంటే సులువైన వేట ఉండదు.

1958లో స్కాట్లాండులో వార్ఫరిన్‌కు లొంగని ఎలుకలు కనిపించాయి. దాంతో బ్రోమాడియోలోన్, బ్రోడిఫాకోమ్ వంటి రెండో తరం మందులు వచ్చాయి. వీటిలో చాలావాటిని ఒక్కసారి తింటే చాలు. పైగా నెలల తరబడి కాలేయాన్ని వదలవు కాబట్టి పక్షి తిన్న ప్రతి ఎలుకా పాత నిల్వకు తోడవుతుంది. 1980లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో బ్రోడిఫాకోమ్‌తో చచ్చిన ఎలుకలను తిన్న ఆరు గుడ్లగూబల్లో ఐదు చనిపోయాయి. బ్రోమాడియోలోన్ విషయంలో ఆరింట ఒకటి.

విషం ఎక్కిన పక్షి నోటి లోపలి పొర పాలిపోతుంది. చిన్న గీత పడినా రక్తం ఆగదు. చర్మం కింద, ఛాతీ కండరాల్లో రక్తం చేరుతుంది. సకాలంలో దొరికితే విటమిన్ కె1ను వారాల తరబడి ఇచ్చి కాపాడవచ్చు. చావుకు చాలని మోతాదు కూడా పక్షిని బలహీనపరచగలదు. 2023లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూ నుంచి తప్పించుకుని నగరమంతా పేరు తెచ్చుకున్న ఫ్లాకో అనే గుడ్లగూబ 2024 ఫిబ్రవరిలో ఒక భవనం దగ్గర పడిపోయి చనిపోయింది. శవపరీక్షలో పావురాల హెర్పిస్ వైరస్‌తో పాటు నాలుగు రకాల ఎలుకల మందులు బయటపడ్డాయి. పొదల్లో రాలిపోయే పక్షులకు ఇలాంటి పరీక్ష ఎవరూ చేయరు. అందుకే లెక్కకు వచ్చేవి కొన్నే.

2008లో అలాస్కాలోని ర్యాట్ ఐలండ్‌లో సముద్రపక్షులను ఎలుకల నుంచి కాపాడడానికని హెలికాప్టర్లతో బ్రోడిఫాకోమ్ ఎర చల్లారు. ఎలుకలు అంతరించాయి. సముద్రపక్షులు తిరిగి పెరిగాయి కూడా. కానీ ఎర తిన్న గల్ పక్షులు వందల్లో చచ్చాయి, వాటిని తిన్న బాల్డ్ ఈగిల్ గద్దలు 46 చనిపోయి కనిపించాయి. మంచి ఉద్దేశం విషం దారిని మార్చలేకపోయింది.

గోదావరి డెల్టా వరి చేలల్లో ఊరంతా కలిసి ఒకేసారి ఎర పెట్టడం ఆనవాయితీ. 96 పాళ్ళు నూకలు, రెండు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు బ్రోమాడియోలోన్ మందు కలిపి, పొట్లాలు కట్టి కన్నాల్లో వేస్తారు. జింక్ ఫాస్ఫైడ్ అనే మరో ఎలుకల మందు అయితే కడుపులో ఫాస్ఫీన్ వాయువుగా మారి గంటల్లోనే చంపుతుంది. కండలో పేరుకోదు కాబట్టి వేటపక్షులకు దాని బెడద తక్కువ. కానీ మనుషులకు, కోళ్ళకు నేరుగా ప్రాణాంతకం. దానికి ముందు రెండు రోజులు విషం లేని ఎర పెట్టి ఎలుకలను అలవాటు చేయాలి. ఎలుకలు పట్టేవారు ఉచ్చుగా పెట్టే బుట్టలతో ఈ చిక్కు ఏదీ లేదు. మందు వాడిన చోట చచ్చిన ఎలుకలను రోజూ ఏరి లోతుగా పాతిపెట్టాలి.

కాలిఫోర్నియాలో 2021 నుంచి రెండో తరం మందుల వాడకం చాలావరకు నిషిద్ధం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అదే ఏడాది తాత్కాలికంగా పెట్టిన ఆంక్షలను 2023లో శాశ్వతం చేసింది. రెండు చోట్లా వ్యవసాయానికి మినహాయింపులున్నాయి.