మ.రా.రా.శ్రీ

పూర్వము తెలుగు గృహస్థుడు ఉత్తరము వ్రాయునపుడు, లోపలి సంగతి పాతబాకీ వసూలే యైనను, పైవిలాసమున "మ.రా.రా.శ్రీ" యని మొదలిడి, పేరు చివర "గారికి" చేర్చినగాని కలము క్రింద పెట్టెడివాడు కాడు. "మహారాజ రాజశ్రీ" యను గౌరవవాచకమున కిది పొడియక్షరముల రూపము; మహారాష్ట్రుల లేఖలలోని "రాజమాన్య రాజశ్రీ"కి, అనగా "రా.రా."కు, దగ్గరి చుట్టము. సెంటు భూమి లేనివాడు సైతము తపాలా బంట్రోతు చేతిమీదుగా మహారాజగుచుండెను!

చెన్నరాజధాని దొరతనమువారు దీనినే "ఎం.ఆర్.ఆర్.వై." అని ఆంగ్లాక్షరములలోనికి మలచి సర్కారు కాగితముల కెక్కించిరి; అందు తెలుగువాని పేరు తుదను "గారు", అరవవాని పేరు తుదను "అవర్గళ్", మహమ్మదీయునకు "సాహెబ్ బహదూర్", దొరకు "ఎస్క్వైర్" వ్రాయు వాడుక యుండుటచే, ఆ తోకను చూచినంతనే ఆసామి యెవరివాడో గుమాస్తాకు తెలిసిపోయెడిది.

స్త్రీలకు మహారాజత్వము లేదు. సువాసినిని "లక్ష్మీసమానురాలైన" అనియు, భర్తృహీనను "గంగాభాగీరథీసమానురాలైన" అనియు సంబోధించెడివారు. పవిత్రనదుల పేరు పెట్టి వైధవ్యమును తపాలా దారి పొడవునను చాటు నీ పద్ధతిని మర్యాద యనుటకు నాకు నోరాడదు. అది పోవుటయే మేలయ్యెను. మహారాజును పోయెను, "శ్రీ" నిలిచెను. పెండ్లి శుభలేఖలపై మాత్రము వధువు పేరునకు ముందు "చి.ల.సౌ." నేటికిని చెక్కుచెదరక యున్నది.