నర్సింగ్ హోమ్‌లలో మందుల పొరపాట్ల నివారణ

వృద్ధులు దీర్ఘకాలం ఉండే సంరక్షణ కేంద్రాలను అమెరికాలో నర్సింగ్ హోమ్‌లు అంటారు. అక్కడ ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వడం, మోతాదు లేదా వేళ తప్పడం, ఒక పూట మాత్ర మరచిపోవడం వంటివి మందులు ఇవ్వడంలో పొరపాట్లుగా లెక్కకొస్తాయి.

కారణాలు

బ్రిటన్‌లో ఇలాంటి కేంద్రాలే అయిన 55 కేర్ హోమ్‌లలోని 256 మందిపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. ఏ రోజు చూసినా పదిమందిలో దాదాపు ఏడుగురి మందుల్లో కనీసం ఒక పొరపాటు ఉన్నట్టు తేలింది. మందు రాయడంలోనూ, అందించడంలోనూ జరిగినవన్నీ ఈ లెక్కలో ఉన్నాయి. వారిలో ఒక్కొక్కరు సగటున ఎనిమిది రకాల మందులు వాడేవారు. ఉదయం పూట ఒకే నర్సు పదులమందికి మందులు ఇవ్వాలి. మధ్యలో ఎవరో పిలుస్తారు, ఫోను మోగుతుంది. మతిమరుపు జబ్బున్నవారు వేరే పేరుతో పిలిచినా పలకవచ్చు.

నిబంధనలు

అమెరికా సమాఖ్య నిబంధనల ప్రకారం పొరపాట్ల రేటు 5 శాతం కంటే తక్కువ ఉండాలి. తనిఖీ అధికారులు కనీసం 25 సార్లు మందు ఇవ్వడాన్ని దగ్గరుండి చూస్తారు. 25లో ఒకటి తప్పితే 4 శాతం. రెండు తప్పితే 8 శాతమై కేంద్రం నిబంధన మీరినట్టే. ప్రమాదకరమైన పొరపాటు ఒక్కటి కూడా జరగకూడదు.

నివారణ పద్ధతులు

మనిషి, మందు, మోతాదు, మార్గం, వేళ అనే అయిదూ సరిచూసుకోవడం మొదటి సూత్రం. మందుల పట్టికపై ఫొటో ఉంటే మనిషిని పోల్చుకోవడం సులువు. మందు మింగాకే సంతకం పెట్టాలి, ముందుగా కాదు. ఇన్సులిన్ చీటీలో ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయాలి. దానికి బదులు రాసే ‘U’ అనే ఇంగ్లిషు పొడి అక్షరం సున్నాలా కనబడితే 10 కాస్తా 100 అవుతుంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారే వేయాలి. రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రను మింగలేరని నూరితే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినవారి పాత, కొత్త చీటీలను పోల్చి చూడాలి. జరిగిన తప్పును చెప్పుకున్నవారిని శిక్షిస్తే మిగతావారు దాచిపెడతారు కాబట్టి, భయం లేకుండా చెప్పుకునే వీలుండాలి.

అమెరికాలో ఫార్మసిస్టు ప్రతి ఒక్కరి మందులనూ కనీసం నెలకోసారి సమీక్షించాలి. అక్కర తీరిన మందును డాక్టరు ఆపేస్తే ఆ మందు విషయంలో పొరపాటుకు తావే ఉండదు.