పాళెము వెలుపలి దీవి: మారిషస్ క్వారంటైన్ చరిత్రపై ఒక పరిశీలన

మారిషస్‌కు వలసపోయిన తెలుగు కూలీల చరిత్ర చెప్పేవారు సాధారణంగా పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్‌తో మొదలుపెడతారు. 1849లో నెలకొల్పిన ఆ డిపోను, దాని పదహారు మెట్లను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అయితే ఓడలో అంటురోగం కనబడితే కూలీలు నేరుగా ఆ మెట్లెక్కలేదు. ఉత్తర తీరానికి పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఫ్లాట్ ఐలాండ్, దాని పక్కనే చిన్న గాబ్రియేల్ దీవి ఉన్నాయి. అక్కడ వారిని దింపేవారు.

మేము ఒక గైడు వెంట పడవలో వెళ్లి ఆ దీవులను చూశాము. ఆయన పూర్వీకులు కోరంగి రేవునుండి వచ్చినవారట. ఒకప్పుడు అక్కడ తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు. 1856 జనవరిలో కలకత్తానుండి హైదరీ, ఫతే ముబారక్ అనే ఓడలు వచ్చాయి. కలరా భయంతో వాటిలోని వందలాది మందిని గాబ్రియేల్ దీవిలో ఉంచారు. సరైన నీడ, వైద్యం లేక వారిలో 280 మందికి పైగా చనిపోయారు. అదే సంవత్సరం భారత ప్రభుత్వం మారిషస్‌కు వలసను కొంతకాలం ఆపివేసింది. సమాధులెక్కడని అడిగితే గైడు ఇసుకవైపు చూపాడు. మాతో వచ్చిన యాత్రికులు అక్కడే ఈత కొడుతున్నారు. వారిని తప్పుపట్టలేము, వారికెవరూ చెప్పలేదు.

క్వారంటైన్ అనే మాట వెనిస్ వారి 'నలభై' నుండి వచ్చింది. 1377లో రగూసా నగరం విధించిన గడువు మాత్రం ముప్పై రోజులే. కనుక మోషే నలభై దినములతో దీనిని ముడిపెట్టే ప్రసంగాలను మేము అంతగా అంగీకరించము. లేవీయకాండము 13వ అధ్యాయంలోని గడువు ఏడు దినములు. మమ్మును ఆపినది 14:3. అక్కడ రోగి లోపలికి రాడు, యాజకుడే పాళెము వెలుపలికి వెళ్లి అతనిని చూడాలి.

2020లో మా కొంగరకలాన్ సంఘస్థుడొకరిని ఊరి వెలుపల ఒక భవనంలో ఉంచారు. మాస్కు పెట్టుకొని దూరాన నిలిచి మాట్లాడటానికి అప్పట్లో అనుమతి ఉండేది. ఆయన కిటికీ దగ్గరకు వచ్చి చేయి ఊపారు. మేము గేటు బయటనే ప్రార్థన చేసి తిరిగి వచ్చాము.