సైటోస్కేప్ – అనుబంధముల కథ

జీవకణములోని ప్రోటీనులు ఒంటరిగా పనిచేయవు. ఒకదానితో నొకటి ముడివడి వలవలె నుండును. ఈ వలను గీచి పరిశీలించుటకై అమెరికాలోని సియాటిల్ నగరమున, సిస్టమ్స్ బయాలజీ సంస్థలో ‘సైటోస్కేప్’ అను కంప్యూటరు ప్రోగ్రాము ఆరంభమైనది. 2003లో దీనిని వివరించు పరిశోధనా పత్రము వెలువడెను.

మూలభాగము వలను గీయుటకు, సమాచారమును జతపరచుటకు ఉద్దేశించినది. ప్రోగ్రాము పాఠము అందరికి అందుబాటులో నుండుటచే, విశేష గణనములకు ఎవరికి వారు ‘ప్లగిన్’ అను అనుబంధములను వ్రాసి చేర్చిరి. ఉదాహరణకు ‘ఎమ్‌కోడ్’ దట్టముగా ముడివడిన ప్రోటీను గుంపులను వెదకును.

అయితే పెక్కు ప్లగిన్లు మూలభాగపు లోపలి నిర్మాణముపై ఆధారపడెను. మూలమును సవరించినచో అవి చెడుచుండెను. అందుచే 2013లో వెలువడిన మూడవ రూపమున రెంటి నడుమ స్థిరమైన హద్దు నేర్పరచిరి. దానికై పాత ప్లగిన్లను తిరిగి వ్రాయవలసివచ్చెను. పలువురు కలిసి కట్టు ఇంటికి తెరచిన తలుపే చాలదు. కదలని గడపయు గావలెను.